గవరయ్య దొర యంత్రం, నా చింతమొద్దులు

మా తిమ్మభూపతి మహారాజుకి కుస్తీలంటే ప్రాణం. కోట వెనక ఉన్న చింతతోపు కొట్టించి, అక్కడ కుస్తీల మైదానం పెట్టించాలని ఒకనాడు పొద్దున్నే ఆయనకి బుద్ధి పుట్టింది. కొట్టేవాళ్ళు నడుం వంచడం దేనికని చెట్లన్నీ మోకాలెత్తున నరికేసి పోయారు. మైదానం ఎలా ఉందో చూద్దామని వెళ్ళిన రాజుగారు మొదటి మొద్దుకే కాలు తట్టుకుని బోర్లా పడ్డారు.

రాజు పడితే నవ్వకూడదని నాకు తెలుసు. నా నోటికి తెలియలేదు.

నేను సోమలింగాన్ని. రాజుగారి పక్కన కూర్చుని ఆకువక్క అందించడం నా ఉద్యోగం. వక్క కంటే బరువైనది ఈ చేత్తో ఎత్తి ఎరగను. అలాంటి నావైపు రాజుగారు మట్టి దులుపుకుంటూ ఒక చూపు చూశారు.

"ఈ మొద్దుల సంగతి సగం కోట పనులు చూసే గవరయ్య దొరది, సగం నీది. కుస్తీల నాడు నేను వచ్చి కూర్చునేసరికి ఒక్క మొద్దు కూడా నా కంట పడకూడదు. ఎవరి వైపు పడితే వాడు కొలువు వదిలి ఏనుగులకి గడ్డి కోసుకోవాలి."

గవరయ్య దొర మీసం దువ్వుకున్నాడు. మర్నాటికల్లా రేవు పట్నం నుంచి ఒక యంత్రం అద్దెకి తెప్పించాడు. దానికి ఇనుప పళ్ళ చక్రం. ఎడ్లు తిప్పుతుంటే అది మొద్దుని గీరి గీరి పొట్టు చేసేస్తుంది. ఊరంతా చూడ్డానికి ఎగబడింది. నేనూ వెళ్ళాను. సిగ్గు విడిచి, మీ పని అయ్యాక ఒక్క పూట నాకూ ఇప్పించండి దొరగారూ అని అడిగాను. అద్దెకి తెచ్చుకున్నది తానని, ఏనుగులు చాలా మంచివని, భయపడాల్సిన పని లేదని ఆయన నాకు ధైర్యం చెప్పాడు.

చేసేదేముంది, గునపం పట్టాను. మొదటి దెబ్బకే అది ఎగిరొచ్చి నా కాలి బొటనవేలి మీద పడింది. మొద్దు మీద గీత కూడా పడలేదు. అన్నం తెచ్చిన మా ఆవిడ అచ్చమ్మ కాసేపు నా ప్రతాపం చూసి, గజశాల దగ్గర ఇల్లేదైనా దొరుకుతుందేమో ఇప్పుడే కనుక్కోమంది. నాకు ఏడుపొచ్చింది. ఏనుగు ఘీంకరిస్తేనే జ్వరం తెచ్చుకునే మనిషిని, దాని నోటి దగ్గరికెళ్ళి గడ్డి పెట్టడం నావల్ల అయ్యే పనేనా?

ఏడవడానికి ఆ మొద్దు మీదే చతికిలపడ్డాను. నిలబడి ఉన్నంతసేపూ నా బుర్ర పనిచేయదు. కూర్చుంటేనే ఏదైనా తోస్తుంది. తోచింది. గునపం అక్కడే పారేసి, కుంటుకుంటూ కోటలో పరుపులు కుట్టేవాళ్ళ దగ్గరికి పోయాను.

కుస్తీల నాడు పొరుగు రాజుగారు కూడా విచ్చేశారు. భారీ మనిషి. గవరయ్య దొర వైపు నేలంతా చదునుగా, చూడముచ్చటగా ఉంది. మొద్దులు పోయిన గుంటల్లో ఆ పొట్టే నింపి పైన మట్టి చల్లించాడు. దాని మీద మంచి మంచి కుర్చీలు వేయించాడు. పొరుగు రాజుగారు కూర్చున్నారో లేదో, కుర్చీ కాలు పొట్టులో దిగబడింది. ఆయన ఒరిగి మా రాజుగారి ఒళ్ళో పడ్డారు. ఆ బరువుకి ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. ఈసారి నేను పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాను.

ఇంకెక్కడైనా కూర్చునే చోటుందా లేదా అని రాజుగారు మండిపడ్డారు. నా వైపు వరసగా మెత్తటి ఆసనాలు ఉన్నాయి. వాటి ఎర్ర పట్టు గలీబులు నేలదాకా వేలాడుతున్నాయి. రాజులిద్దరూ వచ్చి జాగ్రత్తగా కూర్చున్నారు. ఆసనం కదల్లేదు, ఒరగలేదు. తర్వాత కొలువంతా కూర్చుంది. నేను మాత్రం అవసరమైతే పరిగెత్తడానికి వీలుగా చిట్టచివర కూర్చున్నాను. అతిథి బట్టలు దులిపి ఆలస్యంగా వచ్చిన గవరయ్య దొరకి నా పక్క చోటే మిగిలింది.

మా కొలువులో ఒక మర్యాద ఉంది. రాజు కూర్చున్నాక, ఆయన లేచేదాకా ఇంకెవరూ లేవకూడదు.

దొర కూర్చున్నాడు. అటూ ఇటూ కదిలాడు. గలీబు కింద చెయ్యి పెట్టి తడిమాడు. చేతికి చింతబెరడు గరుగ్గా తగిలింది. చివాల్న లేవబోయి, మర్యాద గుర్తొచ్చి మళ్ళీ కూలబడ్డాడు. కూర్చునే గొంతెత్తాడు.

"ప్రభూ, మోసం. వీడు ఒక్క మొద్దు కూడా తీయలేదు."

రాజుగారు నలువైపులా చూశారు. ఒక్కటీ కనిపించలేదు. ఎక్కడున్నాయని అడిగారు.

"అందరి కిందా ఉన్నాయి ప్రభూ. తమరి కింద కూడా."

నా చెవుల్లో ఏనుగులు ఘీంకరిస్తున్నాయి. నిజమేనా అని రాజుగారు నన్నడిగారు. చేతులు రెండూ జోడించాను.

"నిజమే ప్రభూ. తమరు కూర్చునేసరికి ఒక్కటీ కంట పడకూడదన్నారు. కూర్చున్నారు. పడలేదు."

"లేస్తే కనిపిస్తాయి ప్రభూ" అన్నాడు దొర, ఉక్రోషంగా.

"కనిపిస్తాయి. అయితే ముందు ప్రభువులు లేవాలి. లేచి మళ్ళీ ఎక్కడ కూర్చోవాలో దొరగారే సెలవివ్వాలి."

మొదట నవ్వింది పొరుగు రాజుగారు. పొట్ట పట్టుకుని నవ్వుతూ, తాను మాత్రం ఇక్కణ్ణుంచి కదిలేది లేదన్నారు. తర్వాత మా రాజుగారు పగలబడి నవ్వారు. ఆ మీదట కొలువంతా నవ్వింది. ఏనుగుల గడ్డి ఏనుగుల వాళ్ళే కోసుకుంటారని, నా చోటు ఎప్పటికీ తన పక్కనేనని మా రాజుగారు ప్రకటించి, మెడలోని ముత్యాల హారం తీసి, వచ్చి పుచ్చుకోమన్నారు.

నేను కూర్చున్నచోటే ఉండిపోయాను.

"ఎలా రాను ప్రభూ? తమరింకా లేవలేదు."

మళ్ళీ నవ్వులు. లేవడం రాజుగారికీ ఇష్టం లేదు. అందుకని ఆ హారం వరస వెంబడి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ నా దాకా వచ్చింది. ఆఖరి చెయ్యి గవరయ్య దొరది. దాన్ని నా మెళ్ళో ఆయనే వేశాడు, కాస్త విసురుగా.