మూలిగిన బావి

దొర ఊరి కాలువను ఏటవతలి తన మామిడితోటకు మళ్లించి, పొలాల తూము మూయించాడు. రైతులు పైర్లకు బావులే తోడుకున్నారు. నెల తిరక్కుండా కోటలో దొర బావి మూలగడం మొదలుపెట్టింది. పట్టపగలే, ఆడమనిషి గొంతుతో. చేద వెయ్యడానికి పనివాళ్లు జంకారు.

దొర ఆ బావి తవ్విన తిమ్మక్కను పిలిపించాడు. నీళ్లు దిగి గోడలోని పాత బిలం బయటపడిందని, అందులో గాలి ఊళ వేస్తోందని ఆమెకు చూడగానే తెలిసింది.

"దానికి దాహంగా ఉంది దొరా. కాలువ పొలాలకు వదలండి. ఊళ్లో బావులు తోడకుండా నేను చూస్తాను."

దొర వెంటనే తూము ఎత్తించాడు. పొలాలు తడిశాయి, బావులు ఊరాయి. ఇరవయ్యో రోజుకు మూలుగు ఆగింది.

"ఏమే తిమ్మక్కా, దయ్యం పోయినట్టేనా?"

తిమ్మక్క బావిలోకి వంగి చూసింది. "ఎక్కడికి పోతుంది దొరా? నీళ్లకింద కూచుంది. మీరు తూము దించిన రోజున మళ్లీ లేస్తుంది."