సున్నపు అచ్చు

ఆ వేసవిలో గుర్నాథం పశువుల కొట్టంలో ఓ కొత్త జబ్బు పుట్టింది. దూడలన్నీ కుంటడం మొదలుపెట్టాయి. కాలికి ముల్లు లేదు, గిట్టలో పుండు లేదు. అయినా ఎడమ ముందుకాలు ఈడ్చుకుంటూ, తల ఓ పక్కకి వాల్చి, కళ్లు సగం మూసి నడిచేవి. మేకపోతుదీ అదే నడక. పుంజు తెల్లవారుజామున కూయడం మానేసి మిట్టమధ్యాహ్నం లేచి కూసేది. అదేంటని అడిగితే "నా టైము నాది" అనేది. ప్రతి ఒక్కటీ తనలాంటిది లోకంలో ఇంకోటి లేదని చెప్పుకునేది, అన్నీ కలిసి ఒకే కాలు కుంటేవి.

ఇదంతా చూస్తుంటే పుల్లన్నకి ఒళ్లు మండేది. పుల్లన్న ఆ కొట్టంలో పెద్ద ఎద్దు, పన్నెండేళ్లుగా కాడి మోసి మెడ కాయ కాచినవాడు. కాడికి కుడివైపు తను, ఎడమవైపు మైలోడు. మైలోడు పడుచు ఎద్దు. రెండేళ్ల కిందటే ముక్కుకు తూటు పొడిచి తాడు వేసి గుర్నాథం వాణ్ణి అరక్కి అలవాటు చేశాడు. దున్నేటప్పుడు బాగానే దున్నేవాడు. వేసవిలో పని లేక బీడులో తిరగడం మొదలయ్యాకే చెడ్డాడు.

ఈ కుంటుడు జబ్బు అంటించింది టెంటు నక్క. ఊరి చివర సినిమా టెంటు వెనకాల పుట్టి పెరిగింది కాబట్టి దానికా పేరు. గుడారం చిరుగుల్లోంచి రెండాటలూ చూసి, జనం పారేసిన బజ్జీల కాగితాలు నాకి, లోకం పోకడంతా తనకి తెలిసిపోయిందనుకుంది. వేరుశనగ చేలో దొంగతనంగా తవ్వుతూ కర్రదెబ్బ తింటే దాని ఎడమకాలు కొన్నాళ్లు వంకరపోయింది. కాలు నయమైనా కుంటుడు మానకుండా, దానికి స్టైల్ అని పేరు పెట్టి బీడులో తుమ్మచెట్టు కింద కూర్చుని పాఠాలు చెప్పేది. "ఎవడికీ తల వంచకు. ఎవడి మాటా వినకు. నేను చెప్పింది మాత్రం విను" అనేది. దూడలు వినేవి.

ఓ రోజు పుల్లన్న నెమరేస్తూ పడుకుని ఉండగా నక్క మైలోడి పక్కన చేరింది.

"హీరో, నీ కండ చూడు, నీ కొమ్ములు చూడు. ఇంత సరుకు పెట్టుకుని ముక్కుకి తాడేంటి, మెడలో గంటేంటి?"

"ఏం చెయ్యమంటావు గురూ? రైతు ఊరుకోడు గదా" అన్నాడు మైలోడు.

"ఊరి ఆంబోతుని చూశావా? తొడ మీద అచ్చేసి దేవుడి పేరున వదిలేశారు. ఎవడి చేలో పడితే వాడి చేలో మేస్తది. ఎవడన్నా కర్రెత్తాడా? ఆడోళ్లు ఎదురొచ్చి తవుడు పెడతారు, పసుపు రాసి దండం పెడతారు. దానికీ నీకూ తేడా ఏంటి? ఒక్క అచ్చు."

"అచ్చు కాల్చి వేస్తారంటగా. మండుద్దేమో."

"నువ్వు అడగాలే గానీ, నొప్పి లేని అచ్చు నా దగ్గరుంది."

పుల్లన్నకి నెమరు గొంతులో అడ్డం పడింది. లేచి వచ్చాడు.

"ఒరేయ్ మైలోడా, ఆంబోతుకి దూడప్పుడే అచ్చేస్తారు. దానికి కాడి తెలీదు, ముక్కుకి దబ్బనం తగల్లేదు. నువ్వు రెండేళ్లుగా నా పక్కన దున్నుతున్నోడివి. నీకా వేషం కుదరదు."

"నీకు కుళ్లన్నా. నువ్వెటూ తిరగలేవు, నన్నూ తిరగనివ్వవు."

"కుళ్లు కాదురా, భయం. నువ్వు పోతే నేను ఒంటెద్దునవుతాను. ఒంటెద్దుని ఎవడు మేపుతాడు?"

"అది నీ గొడవ" అన్నాడు మైలోడు, తల పక్కకి వాల్చి, కళ్లు సగం మూసి. ఆ మాట పుల్లన్న మనసులో చాలా రోజులు గుచ్చుకుంది.

పొద్దు వాలేలోగా పని అయిపోయింది. నక్క ముక్కుతాడు కొరికేసింది, గంట తాడు తెంపేసింది. ఎవరో గోడలకి వెల్ల వేయడానికి కలిపి పెట్టుకున్న సున్నం కుండలో తోక ముంచుకొచ్చి, మైలోడి తొడ మీద ఓ చక్రం, చక్రం కింద ఓ త్రిశూలం గీసింది. అసలు ఏ అచ్చులోనూ ఆ రెండూ ఒకచోట ఉండవు. అడిగేవాడెవడు? మైలోడు మెడ తిప్పి తన తొడ తనే చూసుకుని మురిసిపోయి, నక్క వెనక ఎండిన వాగు దాటి అవతలి ఊరి వైపు కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

గుర్నాథం మూడు రోజులు వెతికాడు. తెగిన గంట దొరికింది గానీ ఎద్దు దొరకలేదు. నాలుగోనాడు కొట్టంలో నిలబడి పెళ్లాంతో అన్నాడు. "ఏరువాక వారం రోజులుంది. ఈలోగా వాడు రాకపోతే ఈ ముసలాణ్ణి సంతకి తోలెయ్యడమే. ఒంటెద్దుతో ఏం దున్నను?"

పుల్లన్న ఆ పూట చొప్ప ముట్టలేదు. సంతలో ముసలి ఎద్దుని కొనేవాడు దున్నడానికి కొనడని కొట్టంలో అందరికీ తెలుసు. పన్నెండేళ్లు కాడి మోసిన మెడకి చివరికి ఒక సోమరి నక్క నేర్పిన నడక వల్ల ఈ గతి పట్టిందే అని అతనికి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

కాటుక అనే బర్రె పక్క గుంజ దగ్గర్నుంచి మెల్లిగా అంది. "మీ వాణ్ణి నేను చూశాను పుల్లన్నా. వాగు అవతల సూరమ్మ దోసతోట దగ్గరున్నాడు. వాడు కంచె తోసి లోపలికి పోతున్నాడు. సూరమ్మేమో దేవుడి ఎద్దొచ్చిందని చాటలో తవుడు తెచ్చి దండం పెడుతోంది."

"నక్క ఎక్కడుంది?"

"వాడి వెనకాలే. నక్క ఇప్పుడు బాగా బలిసింది."

మర్నాడు మందతో మేతకి వెళ్లినప్పుడు పుల్లన్న మెల్లగా విడిపోయి వాగు దాటాడు. దోసతోట చుట్టూ ముళ్లకంప కంచె ఎత్తుగా, ఒత్తుగా ఉంది. నక్కకి దూరే సందు లేదు. ఒక్కచోట మాత్రం పశువు పట్టేంత గండి పడి ఉంది. లోపల మైలోడు నిలబడి ఉన్నాడు. రొమ్మంతా ముళ్లు గీరుకుపోయి నెత్తురు చారలు కట్టింది. డొక్కలు లోపలికి పోయాయి. నక్క మాత్రం పాదుల మధ్య వెల్లకిలా పడుకుని, పండిన దోసకాయ ఒక్కో కొరుకు కొరికి పారేస్తోంది.

"ఏరా, మేత సరిపోతోందా?" అన్నాడు పుల్లన్న గండిలో నిలబడి.

"మేతదేముందన్నా, మనుషుల మర్యాద కావాలి. రోజూ దండాలే. పొద్దున ఒక కంచె, సాయంత్రం ఒక కంచె పడగొడుతున్నా. నన్ను ఆపేవాడు లేడు."

"కంచెలు నువ్వు పడగొడుతున్నావు, కాయలు అది తింటోంది. ఇదివరకు గుర్నాథం నీ మెడ మీద కాడి పెట్టి గడ్డి కూడా పెట్టేవాడు. ఇప్పుడు నక్క కాడి మోస్తున్నావు, గడ్డి కూడా లేదు."

"పాతకాలం మాటలు" అంది నక్క పడుకునే. "హీరో, పట్టించుకోకు."

అంతలో దూరంగా సూరమ్మ చాట పట్టుకుని వస్తూ కనిపించింది. నక్క గబుక్కున లేచి పాదుల్లోకి జారుకుంటూ, "మనిషొస్తోంది, మూతి దించు, మూతి దించు" అంది. మైలోడు వెంటనే తల వంచి ఆకుల్లో మూతి దూర్చేసి కళ్లు మూసుకున్నాడు.

పుల్లన్న ఆగాడు. వాడెందుకు మూతి దాస్తున్నాడో ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించగానే అతనికి నక్క ఆట మొత్తం తెలిసిపోయింది. అచ్చు సున్నంతో గీయొచ్చు గానీ, ముక్కుకున్న తూటు పూడ్చడం నక్క వల్ల కాలేదు.

"అయ్యో మైలోడా" అన్నాడు జాలిగా. "ఎవడికీ తల వంచనంటివి. అదే చెప్పి కొట్టం వదిలి వచ్చావు. ఇప్పుడు చాట పట్టుకున్న ఆడమనిషిని చూడగానే ఇంత కిందికి వంచావేంట్రా? దూడలు అడిగితే ఏం చెప్పను?"

"ఇది వంచడం కాదు. పట్టించుకోనట్టు ఉండడం. గురువు చెప్పాడు."

"గురువు చెప్పాడా. అయితే సరేలే. గురువు వంచమంటే వంచాలి మరి. నేనే నయం, కాడి పెట్టినప్పుడే వంచుతాను."

మైలోడి చెవులు నిక్కాయి. "తల ఎత్తొద్దు" అని పాదుల్లోంచి నక్క బుసకొట్టింది. అలా అనకుండా ఉంటే ఎత్తేవాడు కాదేమో. ఎవడి మాటా వినకూడదని నేర్పింది అదే కదా. వాడు ఒక్క ఊపున తల ఆకాశానికి ఎత్తి, ముక్కుపుటాలు విప్పార్చి, టెంటు గోడ మీది బొమ్మలా నిలబడ్డాడు.

సూరమ్మ వాడి నుదుట బొట్టు పెడదామని చెయ్యి చాపింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇదేంటి, దేవుడి ఎద్దు ముక్కుకి తూటెందుకుంది?"

చుట్టూ తిరిగి తొడ మీద అచ్చుని కొంగుతో రుద్దింది. చక్రం కొంగుకి అంటింది. ఇంకోసారి రుద్దితే త్రిశూలం కూడా వచ్చేసింది.

"నాలుగు రోజుల్నుంచి సున్నానికి దండం పెడుతున్నానా నేను?" అంది సూరమ్మ. చాట పక్కన పెట్టి మంచె కింద ఉన్న దుడ్డుకర్ర తీసింది. ఆ తర్వాత కాసేపు పడ్డ దెబ్బలు మైలోడు లెక్కపెట్టలేదు. కుంటుడు మర్చిపోయి నాలుగు కాళ్ల మీదా చక్కగా గెంతాడు. ఆవిడ మంచెకి వేలాడుతున్న నులకతాడు తీసి ముక్కులో దూర్చింది. పాత దారే కాబట్టి తాడు ఇట్టే పోయింది.

"గురూ, కాపాడు" అని అరిచాడు మైలోడు.

"ఎవరు బాబూ నువ్వు?" అంటూ నక్క పాదుల్లోంచి లేచి గండి వైపు పరుగెత్తింది. గండిలో పుల్లన్న అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"తప్పుకో మామా, కుక్కలొస్తున్నాయి."

"తప్పుకోవడం నాకు రాదు. నాకు స్టైల్ తెలీదు గదా. నిలబడమంటే నిలబడతాను. పన్నెండేళ్లుగా అదే నేర్చుకున్నాను."

"నీకు దోసకాయలిస్తా. నీకూ ఒక అచ్చు గీస్తా."

"నా మెడ మీద కాయ ఉంది. నాకది చాలు."

సూరమ్మ కేకకి కుక్కలు రెండు వచ్చేశాయి. పాదుల్లో ఎక్కడ దాక్కున్నా సున్నం పట్టిన తోక తెల్లగా కనిపించింది. నక్క చివరికి ముళ్లకంపలోంచే దూరింది. ఒంటి మీద వెంట్రుకలు సగం కంచెకి వదిలేసి, కుడికాలు కుక్క పళ్లకి ఇచ్చి బయటపడింది. మూలుగుతూ వాగు గట్టెక్కి పోతుంటే ఎడమకాలు ఎప్పటికన్నా చక్కగా పడుతోంది. ఈసారి కుడికాలు కుంటుతోంది.

పుల్లన్నని వెతుక్కుంటూ సాయంత్రానికి గుర్నాథం వచ్చాడు. రెండు ఎద్దుల్నీ చూసి ఊపిరి పీల్చుకున్నాడు. సూరమ్మ మాత్రం ఊరికే వదల్లేదు. "నా కంచె నాలుగుసార్లు కూల్చాడు. మూడు రోజులు మోట కట్టి నా పాదులకి నీళ్లు తోడి వెళ్లమను" అంది. దేవుడి ఎద్దుగా దండాలు అందుకున్న చోటే మైలోడు మూడు రోజులు బావి గట్టు మీద వెనక్కీ ముందుకీ నడిచి నీళ్లు తోడాడు. దారిన పోయే ఆడవాళ్లు ఎవరూ తవుడు తేలేదు.

ఏరువాక నాటికి ఇద్దరూ గుర్నాథం కాడి కింద ఉన్నారు. నేల మెత్తగా తడిసింది. పుల్లన్న సంతకి వెళ్లలేదు. అది తల్చుకున్నప్పుడల్లా అతని కాళ్లకి బలం వచ్చేది. మొదటి చాలు సగం తిరిగాక మైలోడు నోరు విప్పాడు.

"అన్నా, ఆ రోజు తల ఎత్తమని నువ్వు కావాలనే అన్నావు గదా."

"నేనేమీ ఎత్తమనలేదు. వంచావేంట్రా అన్నానంతే. ఎత్తింది నువ్వే."

మైలోడు అలవాటు కొద్దీ ఎడమకాలు కాస్త ఈడిస్తే గుర్నాథం ములుగర్ర తగిలింది. కాలు సరిగా పడింది.

అదే సమయానికి దూరంగా గట్టు మీద టెంటు నక్క కనిపించింది. కుడికాలు ఈడుస్తూ, తోక కిందికి వేసుకుని, కంపల్లోకి పోతోంది. దానికి బుద్ధొచ్చిందని పుల్లన్న ఒకింత సంతోషించాడు. కొట్టం వైపు తల తిప్పి చూశాడు. అక్కడ గడప దగ్గర దూడలన్నీ బారులు తీరి నక్క నడకనే కళ్లార్పకుండా చూస్తున్నాయి. సాయంత్రానికి అన్నీ కాలు మార్చేశాయి. ఇప్పుడు అన్నీ కుడికాలు కుంటుతున్నాయి.

నీ తాడు కొరికినవాడు నిన్ను ఎవరి కంచె వైపు తోలుతున్నాడో చూసుకోకపోతే, స్వేచ్ఛ అనేది నువ్వు మోసే ఇంకో కాడి.