ఇనుమును పట్టుకుని వదలని ఇసుక

ఒకప్పుడు కొండ మీది ఎర్రరాయిలో ఇసుక రేణువు ఒక్కటీ ఉండేది కాదు. అందులో కాపురం ఉన్నది ఇద్దరే, ఇనుమూ గాలీ. రాయిని కొలిమిలో వేస్తే చాలు, బొగ్గు వచ్చి "గాలీ, పోదాం రా!" అని పిలిచేది. ఆ రెండూ పైకి ఎగిరిపోయేవి. అడుగున ఇనుము మిగిలేది.

ఇది చూసి వాగులో ఇసుకకు కడుపు మండిపోయేది. "ఇనుమంటే అందరికీ ముద్దే! దాన్ని కర్రు చేస్తారు, కొడవలి చేస్తారు, బొట్టు పెట్టి మొక్కుతారు. నన్ను మాత్రం తొక్కుకుంటూ పోతారు" అని రోజంతా ఒకటే ఏడుపు.

ఏడ్చి ఏడ్చి, ఒక ఎండాకాలం సుడిగాలినెక్కి కొండకు పోయింది. ఎర్రరాయి పగుళ్లలో దూరి కూర్చుంది, ఏడుపుగొట్టు ఇసుక!

ఆ ఏడు తొలకరికి నాలుగు రోజులే ఉన్నాయి. ఊళ్లో నాగలి కర్రులన్నీ అరిగిపోయాయి. కమ్మరి లింబాద్రి కొలిమిలో ఎర్రరాయి పోసి నిప్పు పెట్టాడు. బొగ్గు పిలిచింది, గాలి లేవబోయింది. ఇసుక గబుక్కున గాలినీ ఇనుమునూ కలిపి వాటేసుకుంది.

"పోనివ్వను! నేనిక్కడ ఏడుస్తుంటే నువ్వు మెరుస్తావా?" అంది ఇనుముతో.

కొలిమిలోంచి నల్ల గడ్డ వచ్చింది. సుత్తి తగలగానే ముక్కలైంది.

"ముత్తవ్వా, గిదేందే? బొగ్గు ఇంకొక్కపారికే ఉన్నది. ఊరోళ్లకు ఏం జెప్పాలె?" అన్నాడు లింబాద్రి భార్యతో.

ముత్తవ్వ ముక్కను చెవికి ఆనించింది. లోపల ఇసుక ఇంకా ఏడుస్తోంది. "నన్నెవరూ పిలవరు..."

"తిడ్తే వదలదయ్యా ఇది. దీనికి జోడీ గావాలె" అంది ముత్తవ్వ. సున్నం కాల్చడానికి ఏరిపెట్టుకున్న నత్తగుల్లలన్నీ ఆ నల్ల ముక్కలతోపాటు మళ్లీ కొలిమిలో పోసింది.

"మరి గోడలకు సున్నమో?"

"గోడలు ఆగుతయ్. వాన ఆగుతదా?"

గుల్లలు కాలి సున్నమయ్యాయి. "ఇసుకా, నా దగ్గరికి రా" అంది సున్నం.

ఇసుక నమ్మలేదు. "నన్నేనా? ఇనుమును కాదా?"

"నిన్నే."

పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఒకరు పిలవడం అదే మొదటిసారి. చేతులు వదిలేసింది. బొగ్గు గాలిని తీసుకుపోయింది, ఇనుము మిగిలింది. ఇసుకా సున్నమూ కలిసి కరిగి, చిట్టెం అనే మడ్డిగా మారి బయటికి పారాయి. చినుకు పడేలోగా కర్రులు సిద్ధమయ్యాయి.

అయితే కుళ్లు అంత తేలిగ్గా పోతుందా? పోతూ పోతూ ఇసుక చిటికెడు ఇనుమును గిల్లుకుపోయింది.

అప్పటినుంచే ఎర్రరాయిలో ఇసుక ఉంటోంది. పక్కన సున్నం లేకపోతే ఇనుమును వదలనంటోంది. తెల్లని సున్నంతో కలిసినా చిట్టెం నల్లగానే ఉంటుంది. అది ఆ గిల్లుకుపోయిన ఇనుము రంగు.