రాయి వెనక పువ్వు

హాల్లో చేపల గాజు తొట్టి పెట్టుకున్న ఇళ్లకు మీరూ వెళ్లే ఉంటారు. ఏం చూశారో చెప్పండి. రంగులా? లైట్లా? అంతేనా?

విశాఖపట్నంలో కూర్మారావు అనే ఆయన ఉండేవాడు. తనకున్నది నలుగురూ చూసి మెచ్చుకోకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా కూతురు నీలవేణిని పిలిచి, "అంకుల్‌కి పద్యం చెప్పమ్మా" అనేవాడు. ఆ పిల్లకు బెరుకు. తలుపు వెనక దాక్కునేది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నిలబెట్టేవాడు.

ఆయన హాల్లో ఉప్పునీళ్ల తొట్టి పెట్టి, అందులో ఒక అనిమోన్‌ను వేశాడు. అది చూడ్డానికి పువ్వే గాని, సముద్రంలో బతికే జంతువు. రేకుల్లా కనబడేవి దాని చేతులు. రెండు చారల చేపలు ఆ చేతుల మధ్యే పడుకునేవి. నీలవేణి వాటికి బుజ్జి, పండు అని పేర్లు పెట్టుకుంది. మేత వేసేది, ఆవిరైన మేరకు మంచినీళ్లు పోసేది. తొట్టి మోటారు నీళ్లు పీల్చుకునే గొట్టం మూతికి, చేపలు అందులోకి పోకుండా స్పాంజి ముక్క కట్టింది కూడా ఆ పిల్లే.

అనిమోన్‌కు కాలు ఒకటే. దాంతోనే రాయిని పట్టుకుంటుంది. నచ్చిన చోటు దొరికేదాకా మెల్లగా జరుగుతుంది. ఇది రాయి వెనక్కి జరిగి, అక్కడ హాయిగా విచ్చుకుంది. ముందు నుంచి చూస్తే కనబడేది కాదు.

ఒక ఆదివారం పొద్దున పక్కింటి వరాహమూర్తి వచ్చి తొంగి చూశాడు.

"ఏటి కూర్మారావు, పువ్వు పువ్వు అన్నావు, తొట్లో రాయుంది! సాయంత్రం మా వియ్యంకుణ్ణి తెస్తాను. అప్పటికైనా పూస్తాదేటి?"

కూర్మారావుకు తల కొట్టేసినట్టయింది. అతను వెళ్లగానే చొక్కా చేతులు మడిచాడు.

"వద్దు నాన్నా! పీకితే దాని కాలు చిరిగిపోతుంది. ఇంక దేన్నీ పట్టుకోలేదు. అమ్మిన షాపాయన చెప్పాడు కదా!" అంది నీలవేణి.

"నువ్వూ ఇంతే, అదీ ఇంతే. నలుగురిలోకి రమ్మంటే ఏడుపు!" అన్నాడు.

గోళ్లతో పీకి తెచ్చి, అద్దం ముందున్న రాయి మీద పెట్టాడు. నల్లబడిన స్పాంజి అసహ్యంగా ఉందని అదీ లాగి పారేశాడు.

సాయంత్రం వియ్యంకుడు వచ్చాడు. "బాగుందండీ" అన్నాడు. పకోడీల ప్లేటు దగ్గరికి జరుపుకున్నాడు. ఆ ఒక్క మాట కోసం!

తెల్లారేసరికి తొట్టి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడి, కంపు కొడుతున్నాయి. చిరిగిన కాలుకు పట్టు దొరక్క అనిమోన్ కొట్టుకుపోయింది. స్పాంజి లేని గొట్టం దాన్ని లాక్కుని ముక్కలు చేసింది. ఆ కుళ్లుకు నీళ్లు విషమై, బుజ్జి, పండు వెల్లకిలా తేలాయి.

నీలవేణి ఏడవలేదు. రెండు చేపల్నీ దోసిట్లోకి తీసుకుంది.

"ఊరుకో తల్లీ, ఇంతకంటే మంచివి కొనుక్కొద్దాం" అన్నాడు తండ్రి.

"వద్దు నాన్నా. ఇక నుంచి పిలవగానే నేనే వస్తాను. పద్యం చెప్తాను. ఇంకేమీ తేవద్దు."

అన్నట్టే చేసింది. ఎవరొచ్చినా పిలవగానే వచ్చేది. నేల చూస్తూ, తడబడకుండా పద్యం చెప్పేది. గదిలోకి వెళ్లి గడియ వేసుకునేది. బడి నుంచి రాగానే తండ్రి పక్కన చేరి చెప్పే కబుర్లు మాత్రం మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

"మా అమ్మాయికి బెరుకు పోయింది" అని కూర్మారావు ఊరంతా చెప్పుకున్నాడు. పోయింది బెరుకు కాదయ్యా!

ప్రాణమున్నదాన్ని అది నిలదొక్కుకున్న చోటే బతకనివ్వాలి. మన గొప్ప కోసం పీకి తెచ్చి నలుగురి ముందు పెడితే, అది మనకు దక్కదు. ఇదీ నీతి.

మరి మీ ఇంట్లో తలుపు వెనక నిలబడింది ఎవరో, ఎప్పుడైనా చూశారా?