జేబులో రెండు విజిళ్లు

ఖాదర్ వలీ సార్‌ను ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన కాలంలోనూ, రిటైరైన తర్వాతా ఫుట్‌బాల్ రెఫరీగా ఆయన పరుగెత్తని మైదానం రాయలసీమలో లేదంటారు. మోకాళ్లు మొరాయించాక ధర్మవరంలో మా మైదానం గట్టు మీద స్థిరపడి, కొత్త రెఫరీలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పడం అనే మాట కూడా కొంచెం ఎక్కువే. అడిగిందంతా శ్రద్ధగా వింటారు, తల ఊపుతారు, "సాయంత్రం రాప్పా" అంటారు. సాయంత్రం ఏదో ఒకటి జరుగుతుంది. అది జరిగేదాకా ఆయన నోరు మెదపరు. సార్‌ని ప్రశ్న అడగదలచినవాడు క్యారియర్ కట్టించుకుని రావాలని మా శిష్యులలో ఒక వేళాకోళం ఉండేది.

ఆ శిష్యులలో ఓబులేసు చురుకైనవాడు. పట్టుచీరల దుకాణంలో పనిచేస్తూనే పరీక్షలన్నీ రాసి, ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే పెద్ద లీగులో రెఫరీగా ఎంపికయ్యాడు. మా ఊరి నుంచి అంతదూరం వెళ్లినవాడు అంతకు ముందు లేడు. రాబోయే ఆదివారం బెంగళూరులో అతని మొదటి మ్యాచ్. అది సరిగా నడిపిస్తేనే రెండోది ఇస్తారు, లేకపోతే మళ్లీ చీరలు మడతపెట్టుకోవడమే. అలాంటి వారంలో అతను మొహం వేలాడేసుకుని గట్టు దగ్గరికి వచ్చాడు.

"సార్, లీగులోకి తీసుకునే ముందర నన్ను పరీక్ష చేసేదానికి రెండు మ్యాచ్‌లు ఇచ్చినారు గదా. మొదటిదాంట్లో నేను ఆట జోలికే పోలేదు. గెలుస్తాండే టీమోళ్లు చివర్న టైము తినేదానికి ఒకని తర్వాత ఒకడు గడ్డిలో పండుకున్నారు. టికెట్టు కొన్నోళ్లు నన్ను తిట్టిన తిట్లు ఇంట్లో చెప్పుకునేవి కావు. రెండోదాంట్లో ఎవుర్నీ నిలబడనీకుండా తరుముకున్నా. త్రో బిరీన వెయ్, కార్నర్ బిరీన కొట్టు అని. టీవీ వాళ్లు బాగుందన్నారు. ఆడేటోళ్లు మాత్రం, మాది ఆటనా, పరుగుపందెమా అని మీదికొచ్చినారు. ఇంతకీ ఆట వేగం రెఫరీ చేతిలో ఉండాల్నా, ఆడేటోళ్ల కాళ్లలో ఉండాల్నా? ఇది తేలకుంటే ఆదివారం నేను ఏం మొగం పెట్టుకొని గ్రౌండులోకి దిగేది?"

సార్ శ్రద్ధగా విన్నారు. తల ఊపారు.

"సాయంత్రం మగ్గాల వీధోళ్లకీ బస్టాండోళ్లకీ ఫైనల్ ఉండాది గదా. నువ్వే చెయ్యప్పా రెఫరీ" అన్నారు.

మా మైదానం సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. తిరునాళ్లు దగ్గర పడ్డాయంటే సాయంత్రం పూట అందులో ఒక పక్క ఫుట్‌బాల్, ఇంకో పక్క ఆడవాళ్ల కోలాటం. మధ్యలో గోడా లేదు, తాడూ లేదు, సున్నపు గీత ఒకటే. కోలాటం గురువు హనుమప్ప పెద్దమనిషి. చేతిలో తాళాలు, మెడలో విజిల్. ఆయన పాట పాడుతూ విజిల్ ఒకసారి ఊదితే అడుగు మారాలి, రెండుసార్లు ఊదితే ఉరవడి పెరగాలి, పొడుగ్గా ఊదితే నిలిచిపోవాలి. ఖాదర్ వలీ సార్ రెఫరీగా ఉన్న రోజుల్లో ఈ రెండు పక్షాలకూ ఎన్నడూ తగవు రాలేదట. ఎందుకు రాలేదో ఆలోచించే తీరిక అప్పటికి మాకెవరికీ లేకపోయింది.

ఆట మొదలైంది. గీత వెంట జెండా పట్టుకుని పరుగెత్తే పని నాది, కాబట్టి జరిగినదంతా దగ్గరి నుంచి చూశాను. సార్ గట్టు మీద కూర్చుని చూస్తున్నారు కదా, తన పట్టు చూపించాలని ఓబులేసు మొదటి నిమిషం నుంచే నడుం కట్టాడు. మగ్గాల వీధి గోల్‌కీపర్ ఆదెప్ప బంతి పట్టుకుని ఊపిరి పీల్చుకుంటే విజిల్. త్రో వేసేవాడు ఎవరికి వేయాలా అని చూస్తే విజిల్. బస్టాండు కుర్రవాడు సాక్సు పైకి లాక్కుంటే దానికీ విజిల్.

అతను ఊదిన ప్రతిసారీ గీత అవతల కోలాటంలో అడుగు మారిపోయింది. పాట ఒక దారి, కాళ్లు ఒక దారి. కుడివైపు తిరగవలసినవాళ్లు ఎడమవైపు తిరిగి ఒకరి నుదురు ఒకరికి కొట్టుకున్నారు. కోలలు కోలలకు తగలక వేళ్లకు తగిలాయి. "అమ్మో, నా వేలు!" అని ఒకామె అరిస్తే, పక్కామె నవ్వలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. హనుమప్ప తన వాళ్లను దారిలోకి తెద్దామని పొడుగ్గా విజిల్ ఊదాడు. సరిగ్గా అప్పుడే బస్టాండు ఫార్వర్డ్ ఇస్మాయిల్ అందరినీ దాటుకుని, ఎదుట ఆదెప్ప ఒక్కడే ఉండగా గోలు కొట్టడానికి కాలెత్తాడు. విజిల్ వినగానే ఆఫ్‌సైడ్ అనుకుని ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. బంతి తనంతట తాను దొర్లుకుంటూ వెళ్లి ఆదెప్ప చేతుల్లో పడింది.

ఇక చూడాలి ఆ గోల! బస్టాండువాళ్లు హనుమప్ప మీదికి, మగ్గాల వీధివాళ్లు బస్టాండువాళ్ల మీదికి, అందరూ కలిసి ఓబులేసు మీదికి. ఆ గుంపును చీల్చుకుంటూ కోలాటం నాయకురాలు లచ్చుమక్క రెండు కోలలూ చేతబట్టుకుని నేరుగా మైదానం మధ్యకు వచ్చేసింది.

"ఏం సామీ, ఇందాకట్నించీ మా అడుగులన్నీ నువ్వే మారుస్తాండావు. మా పాటేందో నీకు తెల్సునా?"

ఓబులేసు చేతిలోని విజిల్ వెనక్కి దాచుకున్నాడు. "అక్కా, మీరు ఇంకో చోట ఆడుకోండి. ఇది ఫైనల్ మ్యాచ్" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

"మాదీ తిరునాళ్లే" అంది లచ్చుమక్క.

మొదటి సగం ఆ గొడవలోనే ముగిసింది. అప్పుడు సార్ గట్టు దిగి వచ్చారు. మోకాళ్ల నొప్పి వల్ల రావడానికి కొంతసేపు పట్టింది, ఆ కాసేపట్లో అరుపులు కూడా సగం తగ్గాయి. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. హనుమప్ప ముందు చెయ్యి చాపారు. హనుమప్ప ఆశ్చర్యపోతూనే మెడలోంచి విజిల్ తీసి ఇచ్చాడు. తర్వాత ఓబులేసు ముందు చాపారు. రెండు విజిళ్లనూ లాల్చీ జేబులో వేసుకుని, "ఇంగ ఆడండి" అన్నారు.

"విజిల్ లేకుండానా సార్?" ఓబులేసుకు ఏడుపొక్కటే తక్కువ.

"నోరుండాది, చేతులుండాయి, కాళ్లుండాయి. చాలదా?" అని మళ్లీ గట్టు ఎక్కారు.

అలా మొదలైన రెండో సగం ఆట చూసి తీరవలసిందే. విజిల్ ఉంటే దూరం నుంచి ఊదవచ్చు. లేదు కాబట్టి ఓబులేసు ప్రతిదానికీ బంతి దగ్గరికి పరుగెత్తక తప్పలేదు. దగ్గరికి వెళితే గానీ అతనికి మనుషుల మొహాలు కనపడలేదు. త్రో వేసేవాడు ఊరికే నిలబడలేదు, అవతలి నుంచి పరుగెత్తి వస్తున్న తన మనిషి కోసం చూస్తున్నాడు. మగ్గాల వీధి కెప్టెన్ బంతి మీద కాలు పెట్టి నిలిచింది బద్ధకంతో కాదు, ఎదుటివాళ్లను ముందుకు రప్పించి వాళ్ల వెనుక ఏర్పడే ఖాళీలోకి బంతి పంపాలని. మొదటి సగంలో ఇవే పనులకు వాళ్లను ఓబులేసు తరిమాడు. ఇప్పుడు తరమకుండా వెంట పరుగెత్తాడు. ఆట ఒకసారి నెమ్మదించేది, ఒకసారి ఉన్నట్టుండి దౌడు తీసేది. గట్టు నిండా జనం లేచి నిలబడ్డారు. జెండా దించి నేను కూడా ఆట చూడటంలో పడిపోయాను, దాంతో ఒక ఆఫ్‌సైడ్ ఎవరికీ తెలియకుండా పోయింది.

ఆ ఊపులో మగ్గాల వీధివాళ్లు ఒక గోలు కొట్టారు. ఆ సంబరం గీత దాటి కోలాటంలోకి కూడా పాకింది. గోలు కొట్టింది మగ్గాల వీధిలోని తన మరిదే కావడంతో లచ్చుమక్క అడుగు మరిచిపోయి, కోలలు చంకలో పెట్టుకుని మ్యాచ్ చూస్తూ నిలబడిపోయింది. ఆమె నిలబడేసరికి వెనకామె ఆమెను గుద్దుకుంది, ఆ వెనకామె ఈమెను గుద్దుకుంది. హనుమప్ప అరవలేదు. తాళాలు రెండూ మూసేసి, పాట ఆపేశాడు. మైదానంలో ఆ పక్క ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆడవాళ్లందరూ హనుమప్ప మొహం చూశారు. ఆయన ఎవరి వంకా చూడకుండా ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. లచ్చుమక్కకు కాసేపటికి తెలిసొచ్చింది. నాలుక కరుచుకుని, కోలలు సరిచేసుకుని, "పాడు మామా, పాడు" అంది. ఆయన ఆపిన మాట దగ్గరే పాట మళ్లీ అందుకున్నాడు. ఇదంతా ఓబులేసు చూశాడు. అతను చూడటం నేను చూశాను.

ఆట చివరికి వచ్చింది. బస్టాండువాళ్లు కసిగా ముందుకు వస్తున్నారు. మగ్గాల వీధి మూడేళ్లుగా ఫైనల్లో ఓడిపోతున్న వీధి, ఈసారి కప్పు చేతికి అందేంత దగ్గరలో ఉంది. ఆ భయంతో ఆదెప్పకు బుద్ధి గడ్డి తింది. ఎవరూ తాకకుండానే మోకాలు పట్టుకుని, "అమ్మా!" అంటూ గోలు ముందు వెల్లకిలా పడిపోయాడు. బస్టాండువాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. "దొంగ ఏషాలు! లేపు వాన్ని! కార్డియ్యి!" అని ఒకటే అరుపులు. పొద్దు వాలిపోతోంది.

నేనైతే కార్డు ఇచ్చేవాణ్ణి. ఓబులేసు చెయ్యి ఒకసారి జేబు దాకా వెళ్లింది కూడా. తర్వాత ఏమనుకున్నాడో, గడియారం ఉన్న చెయ్యి అందరికీ కనపడేలా పైకెత్తి, దాన్ని ఆపాడు. ఆదెప్ప దగ్గరికి నడిచి వెళ్లి, మోకాలు నొక్కి చూసి, పక్కనే గడ్డి మీద హాయిగా కూర్చున్నాడు.

"నిదానంగా పండుకోన్నా. నా గడియారం గుడక పండుకునింది. నువ్వు లేసినప్పుడే అదీ లేస్తుంది."

వెనక ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు గట్టు మీదికి పోయింది, గట్టు మీది నుంచి కోలాటంలోకి పోయింది. ఆదెప్ప ఒక కన్ను తెరిచి గడియారం చూశాడు. ఓబులేసు మొహం చూశాడు. ఇక్కడ పడుకుని దాచుకునేది ఏమీ లేదని అర్థమైంది పాపం, మోకాలు దులుపుకుని లేచాడు. నవ్వు ఆపుకోవాలని చూశాడు గానీ అతని వల్ల కాలేదు.

ఓబులేసు లేచి, గడియారం నడిపించి, చేత్తో సైగ చేశాడు. ఆదెప్ప పడుకుని తినేద్దామనుకున్న సమయమంతా ఇంకా మిగిలే ఉంది. ఆ మిగిలిన ఆటలోనే ఇస్మాయిల్ మళ్లీ అందరినీ దాటుకుని వచ్చాడు. ఈసారి అతన్ని ఏ విజిలూ ఆపలేదు. గురి చూసి కొట్టాడు. బంతి పై మూలకు దూసుకుపోయింది. ఇందాక మోకాలు పట్టుకుని పడిపోయిన ఆదెప్ప ఏ మోకాలితో ఎగిరాడో దేవుడికే తెలియాలి, వేళ్ల చివరలతో బంతిని గోలు మీదుగా అవతలికి తోసేశాడు. మైదానమంతా ఒక్క కేక పెట్టింది. ఆ కేక పెట్టినవాళ్లలో బస్టాండువాళ్లు కూడా ఉన్నారు. ఇస్మాయిల్ తల పట్టుకుని, ఆ వెంటనే వెళ్లి ఆదెప్పను చెయ్యి పట్టి లేపాడు.

ఓబులేసు రెండు చేతులూ పైకెత్తాడు. ఆట ముగిసింది. మగ్గాల వీధి గెలిచింది. ఆదెప్ప మట్టి కొట్టుకున్న మొహంతో పరుగెత్తుకొచ్చి రెఫరీనే కౌగలించుకున్నాడు.

"ఇప్పుడు గెల్చినట్ల ఉండాది సామీ! పండుకోని గెల్చింటే ఇంట్లో ఏం చెప్పుకుంటుంటి?"

తర్వాత జరిగింది మ్యాచ్ కాదు, తిరునాళ్లే. లచ్చుమక్క దండు కప్పును మధ్యలో పెట్టి చుట్టూ కోలాటం వేసింది. గెలిచినవాళ్లను, ఓడినవాళ్లను, జెండా పట్టుకున్న నన్ను కూడా లాగి వరసలో నిలబెట్టారు. నా కాళ్లకు ఆ అడుగులు ఒక్కటీ రాలేదు గానీ నేను అంత సంతోషంగా గంతులేసిన సాయంత్రం ఇంకొకటి గుర్తులేదు. హనుమప్ప మా చేతకాని కాళ్లను చూసి పాటను నెమ్మదిగా ఎత్తుకున్నాడు. మా కాళ్లు కాస్త కుదురుకున్నాక గానీ తాళం పెంచలేదు.

ఓబులేసు మాత్రం వరసలోంచి తప్పించుకుని, చెమటలు కారుతూ గట్టు దగ్గరికి వెళ్లాడు. నేను అతని వెనకే వెళ్లాను. పొద్దున మొహం వేలాడేసుకుని వచ్చిన మనిషేనా ఇతను అనిపించింది. అయినా శిష్యుడు శిష్యుడే.

"సార్, నేనడిగిందానికి మీరు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆదివారం ఎవరన్నా అడిగితే ఏమని చెప్పేది? వేగం నా చేతిలోదా, వాళ్ల కాళ్లలోదా?"

ఖాదర్ వలీ సార్ అతని వంక చూడలేదు. ఆయన కళ్లు కోలాటం మీదే ఉన్నాయి. కూర్చున్న చోటే మడమతో తాళం వేస్తున్నారు. తర్వాత జేబులోంచి విజిల్ తీసి ఓబులేసు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

"కాళ్లు వాళ్లవేనప్పా. పాట నిలిచిపోతే మాత్రం అందరూ హనుమప్ప మొగమే చూసినారు గదా."