రెండు మలుపుల బాట

ఫణిభూషణం గీసిన పటం మీద గురువుగారు మూడు రోజులుగా సంతకం పెట్టడం లేదు.

తప్పు ఉందంటే దిద్దుకునేవాడు. బాగాలేదంటే వాదించేవాడు. ఆయన ఏదీ అనరు. పొద్దున్నే పటం విప్పుతారు, రెండు వందల పద్నాలుగో కిలోమీటరు దగ్గర వేలు పెట్టి కాసేపు చూస్తారు, మళ్లీ చుట్టి పక్కన పడేస్తారు. ఇవాళ సాయంత్రానికి పటాలన్నీ పెద్దాఫీసుకు చేరాలి. చేరాక కాంక్రీటు పడుతుంది. కాంక్రీటు పడ్డాక ఎవరు మొత్తుకున్నా వినేవాడుండడు.

ఆ పటం గంటకు మూడు వందల ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే రైలు కోసం, అనంతపురం మెట్టల మీదుగా వేయబోతున్న దారిది. గురువుగారి పేరు పెంచలయ్య. పద్దెనిమిదో ఏట సర్వే గొలుసు మోసే కూలీగా చేరి, ఎండలో కాళ్లు బొబ్బలెక్కించుకుని, పని చేస్తూనే చదివి ఇంజనీరైన మనిషి. డెబ్బై దాటినా పిలిచి మరీ ఈ పని అప్పగించారు. ఫణిభూషణం పెద్ద కాలేజీలో చదివినవాడు. ఆయన దగ్గర పని నేర్చుకోవాలని వేరే ఉద్యోగం వదులుకుని వచ్చాడు.

"గురువుగారూ, ఈ రైలు వంగదు," అన్నాడు ఇక ఉండబట్టలేక. "ఆ వేగానికి మలుపు పెట్టాలంటే ఏడు కిలోమీటర్ల వ్యాసార్ధం కావాలి. జపాను వాళ్లు అరవై ఏళ్ల కిందట మొదటి దారి వేసినప్పుడు ఇంతకంటే బిగువు మలుపులు పెట్టారు. ఇప్పటికీ అక్కడ వేగం తగ్గించుకుంటున్నారు. మనకు గేట్లు ఉండకూడదు, రెండు వైపులా కంచె ఉండి తీరాలి. అందుకే అక్కడ గొర్రెల బాటను పట్టాల కిందనుంచి సొరంగంలా తీసుకెళ్లాను."

"రెండు మలుపులు తిప్పావు."

"అవతల బండ ఉందండీ. నేరుగా పోతే దాన్ని తొలవాలి. బాట కాస్త అటూ ఇటూ తిరిగితే బండ తప్పుతుంది. నడిచేవాళ్లు ఎటైనా తిరుగుతారు కదా."

"తిరుగుతారా?"

"ఎందుకు తిరగరు?"

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు. "పద," అన్నారు.

జీపు ఆరు కిలోమీటర్లు పోయి ఒక పాత కాలువ దగ్గర ఆగింది. కాలువ గట్టు కిందనుంచి మనుషులకూ జీవాలకూ అని ఎప్పుడో కట్టిన సొరంగబాట ఉంది. గట్టి పని. తొమ్మిది అడుగుల ఎత్తు, నున్నటి సిమెంటు గోడలు, మధ్యలో ఒకే ఒక్క మలుపు. ఫణిభూషణం గోడ తట్టి చూశాడు. ఎక్కడా పగులు లేదు.

గట్టు పక్కన మాళక్క గొర్రెలు మేపుతోంది. యాభై దాటిన మనిషి, భుజాన కంబళి. గురువుగారు ఆమెను ముందే ఎరుగుదురు.

"మాళక్కా, నీ కట్టె ఒకసారి ఈయనకియ్యి. మందను ఈ బాటలోంచి అవతలికి తోలతాడు."

మాళక్క ఫణిభూషణాన్ని బూట్ల నుంచి టోపీ దాకా చూసింది. "ఈయప్పనా? తోలమను సామీ. నేనూ చూస్తా. శానా దినాలైంది నవ్వి."

ఫణిభూషణం కట్టె అందుకున్నాడు. హై హై అన్నాడు. మంద కదిలింది. ముందు నడిచే మేకపోతు బాట నోటి దాకా వచ్చి, లోపలికి పది అడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. దాని వెనకే మందంతా తిరిగింది. మళ్లీ తోలాడు. ఈసారి పది అడుగులు కూడా పోలేదు. ఒకదాన్నొకటి తోసుకుంటూ నోటి దగ్గరే ముద్దగా నిలబడ్డాయి.

"అట్ల అరస్తే పోతాయనుకుంటివా? అవి నిన్ను జూసి గాదు, ఆ బాటను జూసి బెదరతాండాయి," అంది మాళక్క.

అతనికి పంతం పట్టింది. ఒక గొర్రెను చంకన ఎత్తుకుని లోపలికి నడిచాడు. మలుపు తిప్పి అవతల దింపి వచ్చాడు. దాని అరుపులు విని మిగతావి వస్తాయనుకున్నాడు. అవి రాలేదు. అవతల ఒకటి, ఇవతల మంద, రెండు వైపులా అరుపులు.

"ఏమప్పా, అన్నిట్నీ ఎత్తుకొనే పోతావా? నూటిరవై ఉండాయి. మాపటికి అయిపోతాదిలే."

జీపు డ్రైవరు ముఖం అటు తిప్పుకున్నాడు. గురువుగారు గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

ఫణిభూషణం చెమట తుడుచుకుని, "మరి నువ్వెట్లా తోలతావు దీంట్లో?" అని అడిగాడు.

"నేనేడ తోలతా? అవతల వెలుగు కనపడకుంటే గొర్రె అడుగెయ్యదు. ఇది కట్టినాయప్పలు బోర్డు గూడా పెట్టినారు, గొర్రెలు ఇట్ల పోవాలని. వాటికి సదువు రాదు గదా, ఏం జేస్తాం."

"మరి అవతలికి?"

"సుట్టు తిరిగి, కాలువ యాడ ముగుస్తాదో ఆడికి బోయి తిరుక్కోని వస్తాం. మూడు మైళ్లు. ఈనిన గొర్రెలు నడవలేవు, పిల్లల్ని కంబట్లో ఏసుకుంటాం. పోయినేడు ఎండకు ఏడు సచ్చినాయి." ఆమె గొంతు తగ్గలేదు, పెరగలేదు. "మీ రైలు గూడా ఈ మాదిరే అడ్డమొస్తాదంట గదా. అది యాడ ముగుస్తాది? ఆడికి ఎంత దూరమో ముందే చెప్తే తిరుక్కుంటాం."

ఫణిభూషణానికి ఆ లెక్క తెలుసు. ఐదు వందల ఎనిమిది కిలోమీటర్లు. రెండు వైపులా కంచె. ఎక్కడా సందు లేకుండా చూసుకున్నది అతనే.

కట్టె ఆమెకు ఇచ్చేసి మళ్లీ బాటలోకి వెళ్లాడు. పది అడుగుల తర్వాత ఆగాడు. బూట్లతో, ఇస్త్రీ బట్టలతో, ఎండిన పెంటికల మీద మోకాళ్లూ చేతులూ ఆనించి, తల గొర్రె ఎత్తుకు దించి ముందుకు చూశాడు. ఎదురుగా గోడ. నల్లగా, పైదాకా గోడ. దాని వెనక దారి ఉన్న ఆనవాలే లేదు.

తర్వాత లేచి, అవతల తాను వదిలేసి వచ్చిన గొర్రెను ఎత్తుకొచ్చి మందలో కలిపాడు. మోకాళ్లు దులుపుకోలేదు.

జీపులోంచి కొలత టేపు తీసుకున్నాడు.

"మాళక్కా, ఇప్పుడు మేం రైలు దారికి రాళ్లు పాతిన చోట, ఆ బండ దగ్గర, మీ మంద ఎట్లా దాటుతుంది? నాకు చూపిస్తావా?"

"ఆ బండ మీదనే దాటతాది. నీకు కాళ్లు నొయ్యవా?"

"నొస్తాయి."

"అయితే రా."

మంద కదిలింది. ముందు మేకపోతు, వెనక మాళక్క, అందరికంటే వెనక దుమ్ములో ఫణిభూషణం.

డ్రైవరు ఇంజను స్టార్టు చేసి కాసేపు చూశాడు. "ఫణి సార్ ఎక్కలేదు సార్. పటాలు సాయంత్రం పోవాలి కదా. పెద్దాఫీసు వాళ్లు అడిగితే ఏం చెప్పేది?"

గురువుగారు ఒళ్లోని పొట్టు దులుపుకుని జీపెక్కారు.

"ఆ ఒక్క పటం ఆగుతుందని చెప్పు. ఆయన సర్వేకి వెళ్లాడని చెప్పు."