వీరభద్రాచారి ఇంజను శోధన వ్రతము పట్టిన కథ

దీపము వెలిగించి, పనిముట్లను కడిగి పీటపై నుంచి, చేత అక్షతలు పట్టుకొని అందఱును ఈ కథ వినవలెను.

పూర్వము గౌతమీ తీరమున ఋజుశీలుడను ముని, చిరంతనుడను మహర్షిని సమీపించి నమస్కరించి యిట్లడిగెను. "స్వామీ! కలియుగమున మానవులు గుఱ్ఱములు లేని రథములెక్కి తిరుగుదురని విందుము. ఆ రథములకు ప్రాణము ఇంజనట. మంచి సామాను వేసి, పని తెలిసినవాడే బిగించినను, ఒకానొక ఇంజను నడిదారిలో ప్రాణము విడుచుటకు కారణమేమి? ఆ దోషము పోవుటకు వ్రతమేదైన కలదా?" మహర్షి కొంతసేపు కన్నులు మూసుకొని, కలదు నాయనా, అది విశ్వకర్మకు ప్రీతియైన శోధన వ్రతము, దానిని పట్టినవాని కథ రాబోవు కాలమున జరుగవలసినదైనను జరిగినట్లే చెప్పెదను వినుమనెను.

రాజమహేంద్రవరమున వీరభద్రాచారి యను మెకానిక్కు ఉండెను. ఇంజను చప్పుడు విని, ఏ సిలిండరు సరిగా మండుట లేదో చెప్పగల నేర్పరి. కాని అతని మనసునకు నిలుకడ లేదు. అన్నము తినుచు నడుమ లేచిపోవును. విప్పిన ఇంజను ఎదుట నున్నచో అది ఎప్పుడు మ్రోగునా యని చెవులు తహతహలాడును. పెద్దపనులన్నియు చక్కగా చేసి, చిన్నపనులను ఏమౌతుందిలే యని దాటవేయును. భార్య మాణిక్యాంబ కాస్త నిమ్మళించండని చెప్పినను, విననట్లే యుండెను.

అతని చెల్లెలు ఈశ్వరమ్మను కొండదారి ఘాటీకి ఆవల చింతూరులో కాళహస్తి అను టాక్సీ నడుపువానికి ఇచ్చిరి. ఒకప్పుడు ఆ టాక్సీ పొగ విడువగా బావగారి చేతిమీదనే బాగుపడవలెనని కాళహస్తి దానిని తెచ్చి అప్పగించెను. వీరభద్రాచారి ఇంజను దింపి, లేతు షాపులో సిలిండర్ల లోపలి గోడలను తొలిపించి నునుపుచేయు బోరు కొట్టించి, కొత్త పిస్టనులు తెచ్చెను. కాని బోరు కొట్టినప్పుడు రాలిన ఇనుప రజను ఆయిలు పారు సన్నని దారులలో చేరునని తెలిసియు, ఆ దారుల కొనలను మూసియున్న బిళ్ళలను విప్పలేదు. కిరసనాయిలు గుడ్డతో పైపైన తుడిచి బిగించెను. ఇంజను తీయగా మ్రోగెను. కాళహస్తి సంతోషించి వెళ్ళెను.

కొంతకాలమునకు ఈశ్వరమ్మ నిండు చూలాలై పుట్టింటికి పురిటికి బయలుదేరెను. భర్తయే తన టాక్సీలో తీసికొని వచ్చుచుండగా ఘాటీ నడుమ ఇంజను పట్టివేసి కదలక నిలిచెను. వాన కురియుచుండెను. దారి వెంట మరియొక బండి లేదు. ఆమెకు అక్కడనే నొప్పులు వచ్చి, సీటుపై పండుకొని ఆడుశిశువును కనెను. వెదురు నరుకువారి జీపు దైవికముగ వచ్చి తల్లీబిడ్డలను ఆసుపత్రికి చేర్చినది కనుక బ్రతికిరి. వీరభద్రాచారి పరుగున పోయి గుమ్మములో నిలువగా ఈశ్వరమ్మ ముఖము గోడవైపు త్రిప్పుకొని, "నీ గడప తొక్కను అన్నయ్యా. వెళ్ళు," అనెను. అట్లే ఆసుపత్రినుండి నేరుగ అత్తవారింటికి పోయెను.

ఆనాటినుండి అతనికి నిద్ర లేదు. వీధులవెంట తిరుగును, వచ్చును, మరల పోవును. చెడిన ఇంజనును తెప్పించి విప్పెను గాని చూచుటకు ధైర్యము లేకపోయెను. ఒకనాడు షెడ్డుకు రాగా ఒక వృద్ధుడు ఆ ఇంజను ప్రక్కన కూర్చుండి, ఆయిలు దారిలో వేలు పెట్టి చూచుచుండెను.

"ఇందులో రజను ఉంది నాయనా. బిగించే ముందు కడిగావా?"

"తుడిచానండి."

"తుడిచావా అని కాదు. కడిగావా?"

వీరభద్రాచారి తల వంచుకొని కన్నీరు విడిచెను. అంతట ఆ వృద్ధుడు జాలిపడి శోధన వ్రత విధానమును ఉపదేశించెను. బోరు కొట్టిన ఇంజనును సబ్బునీటితో కడిగి, ఆయిలు దారులన్నిటను కుంచె దూర్చి తోమి, తెల్లగుడ్డ తెల్లగనే వచ్చువఱకు తుడిచి, త్రుప్పు పట్టక మునుపే నూనె పూయవలెను. బేరింగు క్యాపు ఏది ఎచ్చట నుండెనో అచ్చటనే, ఉన్న ముఖముగనే పెట్టవలెను. పిస్టను రింగులు కొత్తవని నమ్మక ఒక్కొక్కదానిని దాని సిలిండరులో నుంచి కొనల నడిమి సందు కొలువవలెను. ఇంజను పైమూతయగు హెడ్డు బోల్టుల గుంతలలో తడి లేకుండ తుడిచి, నడుమనుండి బయటికి కొంచెము కొంచెముగ బిగింపవలెను. కడపట ప్లగ్గులు తీసి, మండకుండ సెల్ఫు త్రిప్పి, ఆయిలు అందెనని తెలుపుచు బండిలో నడుపువాని యెదుటి ఆయిలు దీపము ఆరిన పిదపనే ఇంజనును మ్రోగింపవలెను. ఇందులో ఏది విడిచినను వ్రతభంగమని చెప్పి ఆ వృద్ధుడు బయటికి నడిచెను. మాణిక్యాంబ మజ్జిగ తెచ్చి చూచునప్పటికి వీధిలో ఎవరును లేరు.

అటుపిమ్మట పెండ్లిండ్లకు కార్లు త్రిప్పు సోమరాజుగారు ఒక పాతకారు ఇంజనును అతనికిచ్చి, ఇది బాగుపడిన నా కార్లన్నిటి పనియు మీకే యనిరి. వీరభద్రాచారి వ్రతము పట్టి, కడుగవలసినది కడిగి, కొలువవలసినది కొలిచి బిగించెను. ఆ కారు రంగులకై కొంతకాలము అట్లే నిలిచియుండగా లోపల పూసిన నూనెయంతయు క్రిందికి దిగిపోయెను. తీసికొనిపోవు నాడు జనము మూగిరి. అతడు ప్లగ్గులు విప్పబోగా సోమరాజుగారు విసుగుకొని, "ఇంకా విప్పుతారేంటండీ ఆచారిగారూ? పూజారిగారు హారతి పట్టుకుని నిలబడ్డారండి. తిప్పండి తాళం!" అనిరి. వీరభద్రాచారికిని చెవులు తహతహలాడుచుండెను. ఇన్ని చేసితిని, ఈ ఒక్కటి విడిచిన నేమని తాళము త్రిప్పెను. ఆయిలు అందక పొడిగా తిరిగిన బేరింగులు గీచుకొనిపోయి, ఇంజను లోపలినుండి టకటక కొట్టుకొనసాగెను. హారతి పళ్ళెము పట్టుకొన్న పూజారి వెనుకకు తగ్గెను.

ఆ మాట ఊరంతయు ప్రాకెను. బండ్లు రావయ్యెను. పనిముట్లు ఒక్కొక్కటిగ అమ్ముడుపోయెను. మాణిక్యాంబ టిఫిను కొట్టులో పిండి రుబ్బుటకు పోవుచుండెను. వీరభద్రాచారి మూసిన షెడ్డు ముందు ఇటునటు తిరుగుచుండెను.

అట్లుండగా ఒకనాడు లారీపై, ఇంజను షెడ్డులోనే యుండిపోయిన చింతూరు టాక్సీ వచ్చి షెడ్డు ముందు దిగెను. వెనుక కాళహస్తియు, చంకలో బిడ్డతో ఈశ్వరమ్మయు నిలిచిరి. టాక్సీ లేక వారి యిల్లు గడచుట కష్టమయ్యెనని, మరియొకరు బాగుచేయుటకు తాము ఇచ్చుకొనలేనంత అడిగిరని కాళహస్తి చెప్పెను.

"నువ్వే బిగించాలి అన్నయ్యా," అనెను ఈశ్వరమ్మ.

"నా చేతులు మంచివి కావమ్మా. ఇంకెవరినైనా చూసుకోండి."

"చేతులు మంచివే. నువ్వే ఆగవు. బిగించినన్నాళ్ళూ నేనిక్కడే కూచుంటాను."

ఆమె ప్రక్కనున్న ఇంటి గడప లోపలికి రాక, షెడ్డులో ముక్కాలిపీట వేసికొని కూర్చుండెను. వీరభద్రాచారి పనిముట్లును కొత్త బేరింగులును అరువు తెచ్చి, స్నానము చేసి, మరల వ్రతము పట్టెను. బిళ్ళలు విప్పి దారులను తోమెను. తెల్లగుడ్డ నల్లబడినప్పుడెల్ల మరల కడిగెను. ఒక రింగు సందు చాలకుండుట కనుగొని మెల్లగా రాచి సరిచేసెను. చేతులు ముందుకు ఉరుకుచుండెను. చెల్లెలు చూచుచున్నదని ఆపుకొనుచుండెను. తుదకు హెడ్డు బిగించి, ఇంజనును టాక్సీలో నెక్కించి, ప్లగ్గులు తీసి సెల్ఫు త్రిప్పబోవు సమయమున అతని మనసులో చిన్న ముల్లు గుచ్చుకొనెను. ఆగిపోయెను.

"ఏమైందండీ బావగారూ? ముహూర్తం దాటిపోతోందండి," అనెను కాళహస్తి.

"హెడ్డు మళ్ళీ దింపాలి. వెనక మూల బోల్టు గుంత తుడిచానో లేదో గుర్తు రావట్లేదు."

"తుడిచే ఉంటారులెండి. ఎవరు చూడొచ్చారు?"

వీరభద్రాచారి చెల్లెలివైపు చూచెను. ఆమె బిడ్డను ఒక భుజమునుండి మరియొక భుజమునకు మార్చుకొని, "దింపు అన్నయ్యా," అనెను.

దింపెను. తక్కిన గుంతలు పొడిగా నుండెను. వెనుకమూల గుంతలో నూనె నిలిచియుండెను. ఆ నూనెపై బోల్టు బిగిసినట్లే తోచును గాని బిగియదు; బలము పెట్టిన ఇంజను పగులును. హెడ్డు క్రింద పరచు పలుచని పొరయగు గాస్కెట్టు ఒకసారి విప్పిన మరల పనికిరాదు కనుక మాణిక్యాంబ తన కూలిడబ్బులు కొంగున కట్టుకొని కొత్తది తెచ్చుటకు బజారునకు పోయెను.

అంతవఱకు చేయవలసిన పని లేదు. వీరభద్రాచారి లేచెను, కూర్చుండెను, మరల లేచెను. ఈశ్వరమ్మ చూచి చూచి, "ఇదిగో, కాసేపు పట్టుకో," అని బిడ్డను చాచెను. అతడు చేతులు సబ్బుతో తోముకొని మేనకోడలిని మొదటిసారి ఎత్తుకొనెను. బిడ్డ అతని ఒడిలో నిద్రించెను. మాణిక్యాంబ గాస్కెట్టు తెచ్చి ముందుంచినను అతడు లేవలేదు.

"లేవండి మరి," అనెను భార్య.

"పాప లేచేదాకా ఆగుదాం," అనెను వీరభద్రాచారి.

అందఱును ఆగిరి. బిడ్డ లేచిన పిమ్మట గుంత తుడిచి, హెడ్డు క్రమముగ బిగించి, సెల్ఫు త్రిప్పెను. ఆయిలు దీపము ఆరెను. అప్పుడు ప్లగ్గులు బిగించి తాళము త్రిప్పగా ఇంజను మెత్తగా మ్రోగెను. ఈశ్వరమ్మ లేచి, "ఆకలేస్తోంది వదినా, అన్నం ఉందా?" అనుచు గడప దాటి లోనికి పోయెను. మఱునాడు ఆ టాక్సీ ఘాటీ ఎక్కి క్షేమముగ చింతూరు చేరెను. ఏండ్లు గడచినను ఆగలేదు. ఆ వార్త విని సోమరాజుగారు తామే కార్లు పంపిరి. అమ్ముడైన పనిముట్లకంటె మంచివి షెడ్డునకు వచ్చెను.

కావున ఋజుశీలా! ఇంజను బిగించువారు, బిగింపించుకొనువారు, కొండదారుల బండి నడుపువారు, చేయి ఆగనివారు, మనసు నిలువనివారు, ముగిసిన పనియందు అనుమానము కలిగియు సిగ్గుచే మరల విప్పలేనివారు ఈ వ్రతమాచరింపవలెను. పనికి పేరును, ఇంట ధాన్యమును, ఆడపడుచుల రాకపోకలును కలుగును. వారి బండ్లెక్కినవారు అలసట లేక తమ ఇండ్లు చేరుదురు. చదివినవారికిని, నడుమ లేచిపోక విన్నవారికిని అదే ఫలము అని చిరంతన మహర్షి పలికెను.

అక్షతలు కొన్ని ఇంజనుపైన, కొన్ని తలపైన వేసికొని, ప్రసాదము పుచ్చుకొని, ఆయిలు దీపము ఆరువఱకు అందఱును నిదానముగ నుండవలెను.